దీపం ఎవులికి బాబూ?

మొదటి రోజు: జనవరి 9, 2024, మంగళవారం

విశాఖలో శ్రీకాకుళం బస్సు ఎక్కేటప్పటికి నా ఒళ్ళో ఒక అట్టపెట్టె ఉంది. అందులో నాలుగు చిన్న ఎల్ఈడీ దీపాలు, పది మీటర్ల వైరు, రెండు స్విచ్‌లు, ఒక టేపు చుట్ట. సంక్రాంతి రద్దీ. నడవలో కూడా మూటలే. పక్క సీట్లో పెద్దావిడ పెట్టెలోకి తొంగి చూసి, "భోగికి సీరియల్ సెట్లా నాయనా?" అంది. పడవకి అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. మూడేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకున్నాను. ఆదివారాలు, పగటిపూట మాత్రమే. సాయంత్రం అయ్యేసరికి పడవలన్నీ ఒడ్డెక్కేసేవి. పుస్తకంలో రాత్రి దీపాల అధ్యాయం ఉండేది. పరీక్షకి చదివినట్టు బట్టీపట్టాను తప్ప ఒక్క దీపమూ కళ్ళతో చూడలేదు. మా ఆఫీసులో ఒకతని మేనమామ కళింగపట్నం దగ్గర సరంగు, అంటే బోటు నడిపేవాడు. గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పద్నాలుగేళ్ళు పనిచేసి వచ్చి, ఇప్పుడు సొంత ఫైబర్ బోటు నడుపుతున్నాడు. "పండక్కి ముందు వస్తే రెండు రాత్రులు తీసుకెళ్తాడు, కానీ ఖాళీ చేతులతో రావద్దన్నాడు" అని కబురు. ఖాళీ చేతులతో అంటే మిఠాయి అనుకున్నాను. దీపాలట.

శ్రీకాకుళం నుంచి ఆటోలో గార మీదుగా కళింగపట్నం చేరేసరికి నాలుగు దాటింది. వంశధార సముద్రంలో కలిసే చోటు ఇది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు ఓడలు లేవు, లైట్‌హౌస్ మాత్రం పని మానలేదు. ముందుగా మెరైన్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, ఏ బోటులో ఎప్పుడు వెళ్తున్నానో చెప్పి ఆధార్ జెరాక్స్ ఇచ్చాను. తరవాత మావయ్య ఇంటికి. మా ఆఫీసతని వరసే నాకూ ఖాయం చేసుకున్నాను, ఆయన కాదనలేదు. ఆయన మాత్రం నన్ను చివరిదాకా బాబూ అనే పిలిచాడు.

చీకటి పడ్డాక ఇద్దరం ఇసకలో కూచున్నాం. లైట్‌హౌస్ వెలుగు ఒకసారి మెరిసి, ఆగి, మళ్ళీ మెరుస్తోంది. ప్రతి లైట్‌హౌస్‌కీ తన లెక్క తనది. ఎన్ని మెరుపులు, ఎన్ని సెకన్ల ఎడం అన్నది పటం మీద రాసి ఉంటుంది. రెండు పక్కపక్క లైట్‌హౌస్‌లకి ఒకే లెక్క ఇవ్వరు. సముద్రంలోంచి చూసినవాడు వాచీ పెట్టుకుని లెక్కపెడితే తానున్నది కళింగపట్నం ఎదురుగానో, బారువ ఎదురుగానో తెలిసిపోవాలి. మావయ్యకి వాచీ లేదు. బీడీ దమ్ముల మీద లెక్కపెడతాడు.

నేను పెట్టె తెరిచి దీపాలు చూపించాను. ఈ ఎల్ఈడీ ఎంత దూరం వెలుగిస్తుందో, బ్యాటరీ ఎంత తక్కువ తింటుందో చెప్పుకుపోతున్నాను. ఆయన ఎర్రది చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నీ దీపం ఎవులికి బాబూ?" అన్నాడు.

"మన బోటుకే మావయ్యా."

"బోటుకి సరే. ఎవులు సూడ్డానికి? నువ్వా, అవుతలోడా?"

పుస్తకంలో ఉన్న సంగతే. కానీ ఎవరూ నన్ను ఇలా అడగలేదు. నేల మీద పుట్టి పెరిగినవాడికి దీపం అంటే దారి చూపించేది. స్కూటర్ హెడ్‌లైటు, పెరట్లో బల్బు, పొలంలో టార్చి, అన్నీ మనం చూడ్డానికే. సముద్రంలో ముందు దారి లేదు, వెలిగించి చూడ్డానికి ఏమీ లేదు. బోటు చుట్టూ ఉండే దీపాల్లో ఒక్కటి కూడా మనకోసం కాదు.

తిరిగి వస్తుంటే అలల అంచున చచ్చిన తాబేలు ఒకటి కనిపించింది. ఆలివ్ రిడ్లేలు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే రోజులివి. పిల్లలు గుడ్డులోంచి రాగానే వెలుగున్న వైపుకి పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రానిదే. వీధిదీపం ఉంటే రోడ్డెక్కుతాయి. దీపం ఎవరికి అన్న ప్రశ్న తాబేళ్ళకీ తప్పలేదు.

రెండో రోజు: జనవరి 10, బుధవారం

పొద్దున్నే చోడంబలి తాగి బోటు దగ్గరికి వెళ్ళాం. పొడవు ఇరవై తొమ్మిది అడుగులు, అంటే తొమ్మిది మీటర్లకి కాస్త తక్కువ. ఈ మీటర్ల లెక్క ముఖ్యం. సముద్రంలో ఢీకొనకుండా ఉండటానికి 1972లో రాసుకుని, 1977 జులై 15 నుంచి అమలు చేస్తున్న అంతర్జాతీయ నిబంధనలు పడవ పొడవుని బట్టి దీపాలు చెబుతాయి. ఇంజిన్ మీద నడిచే పడవ పన్నెండు మీటర్ల లోపుదైతే నాలుగు దిక్కులా కనిపించే తెల్లదీపం ఒకటి, పక్క దీపాలు రెండు చాలు. ఎడమకి ఎరుపు, కుడికి ఆకుపచ్చ. తెలుగువాడికి ఇది మరిచిపోయే పనే లేదు. ఎడమ, ఎరుపు, రెండూ ఎకారమే. బస్సులో వస్తున్నంతసేపూ అదే జపం చేసుకుంటూ వచ్చాను.

మరి తెప్ప మీద తెడ్డేసుకుని పోయేవాడి సంగతేమిటి అని మావయ్య అడిగాడు. ఇక్కడ నాకు పుస్తకం మీద గౌరవం పెరిగింది. ఏడు మీటర్లలోపు తెరచాప పడవకి, తెడ్డు పడవకి, వీలైతే రంగుదీపాలు పెట్టమంటుంది. వీలుకాకపోతే టార్చో లాంతరో చేతికందేలా ఉంచుకుని, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపిస్తే చాలంటుంది. మన తెప్పవాళ్ళు తరాలుగా చేస్తున్నది అదే. "అయితే మా తాత సట్టం పెకారవే ఎల్లీవోడు" అని నవ్వాడు.

పక్క దీపం ఎక్కడ పెట్టాలి అన్నదాని కంటే ఎక్కడిదాకా కనిపించాలి అన్నదే అసలు పని. ఎర్రదీపం సరిగ్గా ముందు నుంచి మొదలుపెట్టి ఎడమ పక్కదాకా, ఆ పక్క దాటి ఇంకో ఇరవై రెండున్నర డిగ్రీలు వెనక్కి కనిపించాలి. మొత్తం 112.5 డిగ్రీలు. ఆకుపచ్చదీ అంతే. మిగిలిన 135 డిగ్రీలు వెనక తెల్లదీపానివి. మూడూ కలిపితే నిండు వలయం. ఇరవై రెండున్నర డిగ్రీలు కొలవడానికి మా దగ్గర కోణమానిని లేదు. న్యూస్‌పేపరు మూల తీసుకున్నాను. అది తొంభై డిగ్రీలు. ఒక మడత పెడితే నలభై అయిదు, ఇంకో మడత పెడితే ఇరవై రెండున్నర. ఆ మడత పట్టుకుని ప్లైవుడ్ ముక్క మీద గీత గీసి కోశాం. దీపం లోపలివైపు వెలుగు పడకుండా ఆ చెక్కల్ని నిలబెట్టి నల్లరంగు పూశాం. అడ్డం లేకపోతే ఆ వెలుగు బోటు నడిపేవాడి కళ్ళలోనే కొడుతుంది.

వెదురు వాసం కొసన తెల్లది, ముక్కు దగ్గర ఇటొకటి అటొకటి, చాప ఎత్తినప్పటి కోసం వెనక నాలుగోది. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టాను. మావయ్య ఆ జాయింట్లని చూసి ఏదో అనబోయి, ఊరుకున్నాడు.

అయిదున్నరకి సూర్యుడు దిగాడు. కాస్త మసక పడ్డాక వాసం కొసది తప్ప మిగతా దీపాలు వేసి, పిల్లల్ని వెంటేసుకుని బోటు చుట్టూ ఇసకలో పెద్ద గుండ్రంగా నడిచాను. ఇదొక పండగైపోయింది. వెనక నుంచి బయల్దేరితే తెల్లది ఒక్కటే. నాలుగడుగులు పక్కకి వేయగానే తెల్లది పోయి రంగు దీపం తగులుతుంది. సరిగ్గా ముక్కు ఎదురుగా నిలబడితే రెండు రంగులూ కనిపిస్తాయి. అంటే బోటు నీ మీదికే వస్తోందన్నమాట. ఇంకో అడుగు వేస్తే ఒకటి ఆరిపోయినట్టు మాయం. పిల్లలు ఆ హద్దు మీద అటూ ఇటూ గెంతుతూ, "వొచ్చింది, పోయింది" అని అరుస్తున్నారు. మావయ్య మనవరాలు మాత్రం గెంతలేదు. పదేళ్ళుంటాయేమో. బోటెక్కి ముందుకి తిరిగి నిలబడి, రెండు చేతులూ చాపి కాసేపు చూసింది.

"బాబాయ్, ఎర్రది కుడేపునుంది."

నిజమే. నేను ముక్కు మీద కూచుని వెనక్కి తిరిగి మరలు బిగించాను. నా ఎడమ బోటుకి కుడి. ఎడమ ఎరుపు అని జపించినవాడిని బాగానే బిగించాను, నాకు. బోటుకి కాదు. టార్చి నోట్లో పెట్టుకుని మళ్ళీ విప్పి మార్చేసరికి ఏడున్నరైంది.

ఎనిమిదికి బోటు నీళ్ళలోకి తోశాం. మావయ్య, ఆయన కొడుకు, ఇంకో కళాసీ, నేను. కెరటాలు దాటడం గురించి పెద్దగా రాయను, ఎందుకంటే కళ్ళు మూసుకున్నాను. మూడో కెరటం అయ్యాక మావయ్య "అయిపోనాది, కళ్ళు తెరు" అన్నాడు.

బయట నలుపు. మర్నాడు అమావాస్య. లైఫ్ జాకెట్ ముడి వదులైందని తలకి కట్టుకున్న టార్చి నొక్కాను. ముగ్గురూ ఒక్కసారే అరిచారు. "ఆపీ, ఆపీ!" ఆపాక తెలిసింది, నాకూ ఏమీ కనపడటం లేదు. కంటిలో చీకటి చూపుకి పనికొచ్చే పదార్థం వెలుగు తగలగానే విరిగిపోతుంది. మళ్ళీ కూడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. ఫోన్ స్క్రీన్ చాలు దానికి. ఎరుపు వెలుగు అంతగా చెడగొట్టదు. ఆయన కొడుకు తన టార్చి మూతికి ఎర్రగుడ్డ కట్టుకున్నది అందుకే. మావయ్య బీడీ ముట్టించేటప్పుడు గమనించాను, కుడికన్ను గట్టిగా మూసి, అగ్గిపుల్ల ఆరాక తెరుస్తాడు. ఒక కన్ను పోయినా ఇంకోటి మిగులుతుంది.

మెల్లగా సముద్రం తెలియడం మొదలైంది. మసక దీపాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే కనిపిస్తుంది. లైట్‌హౌస్ కెరటంతో పాటు మునుగుతూ తేలుతూ వెనకబడింది. ముందు కొన్ని తెల్లచుక్కలు. ఒంటరి తెల్లదీపం అంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు. అది లంగరేసుకున్న బోటు కావచ్చు, మనకి వీపు చూపి పోతున్న ఓడ కావచ్చు, చిన్నపడవ కావచ్చు, ఒడ్డున ఎవరి వసారాలో బల్బైనా కావచ్చు. రంగు కలిసేదాకా దేన్నీ నమ్మకూడదు. దూరంగా ఒకచోట ఆకుపచ్చ కింద తెలుపు కనిపించింది. వల ఈడుస్తున్న ట్రాలర్. దాని వెనక నుంచి పోకూడదు, అక్కడ నీళ్ళలో వల ఉంటుంది. ఎరుపు కింద తెలుపు అయితే ఈడ్పు కాకుండా వేరే రకం వేట. ఈ రెండూ పుస్తకంలో బొమ్మలుగా చూసి చూసి, నిజంగా సముద్రం మీద ఒకదాని కింద ఒకటి వెలుగుతుంటే, చదివిన పద్యం ఎవరో పాడుతుంటే విన్నట్టుంది.

పది దాటాక కుడివైపు రెండు తెల్లదీపాలు లేచాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. యాభై మీటర్లు దాటిన ఓడకి రెండుండాలి, ముందుది కింద, వెనకది పైన. పొట్టిది ఎడమకి ఉంది కాబట్టి ఓడ ఎడమకి, అంటే మా ముందు నుంచి అడ్డంగా పోతోంది. కాసేపటికి వాటి కింద ఎర్రచుక్క తేలింది. పెద్ద ఓడ పక్కదీపం మూడు నాటికల్ మైళ్ళ దాకా కనిపించాలి. పన్నెండు నాట్ల వేగం అంటే గంటకి ఇరవై రెండు కిలోమీటర్లు. ఆ లెక్కన పావుగంటలో మా దగ్గర ఉంటుంది.

"కూసున్న కాడ నుంచి కదలకు" అన్నాడు మావయ్య. "వాసం పక్కన ఆ ఎర్రదాన్ని అలాగే ఉంచి సూడు. వాసం నుంచి జరుగుతాదా నేదా సెప్పు."

బోటు తిన్నగా పోతుంటే, ఎదుటి దీపం వాసం నుంచి ముందుకో వెనక్కో జరిగితే పర్లేదు. జరగకుండా, అలాగే ఉండి పెద్దదవుతుంటే, రెండూ ఒకే చోటికి వెళ్తున్నాయన్నమాట. నేను చూశాను. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. ఎర్రచుక్క వాసాన్ని పట్టుకుని వదల్లేదు. నోరు ఎండిపోయింది. "జరగట్లేదు మావయ్యా."

"అయితే మనవే తప్పుకోవాల."

కుడివైపు నుంచి వచ్చేవాడికి దారి మనం ఇవ్వాలి. ఆ వైపు నుంచి కనిపించేది వాడి ఎడమ దీపం, ఎరుపు. రోడ్డు మీద లాగే, ఎరుపు కనిపించినవాడు ఆగాలి. ఈ ఒక్క విషయంలో సముద్రం నేలని పోలి ఉంది. మావయ్య చుక్కాని కొంచెం కొంచెంగా కాదు, ఒక్కసారే గట్టిగా తిప్పాడు. కుడికి, ఓడ వెనక్కి వెళ్ళేలా. కొంచెం తిప్పితే అవతలివాడికి అర్థం కాదు, దీపాల వరస మారాలి, మనం తప్పుకుంటున్నామని వాడికి తెలియాలి. ఎర్రదీపం మా ముక్కు దాటి ఎడమకి వచ్చేసింది. ఇంకాసేపటికి ఓడ నల్లటి గోడలా పోయింది. ముందు చప్పుడు, తరవాత డీజిల్ వాసన, ఆ తరవాత ఎంతో సేపటికి దాని అల. చివరికి మిగిలింది ఒక్క తెల్లచుక్క, దాని వీపు.

"ఆడు మనల్ని సూసేడా?" అని కళాసీ అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. మా సైజు పక్కదీపం ఒక నాటికల్ మైలు దూరం కనపడితే చాలని నిబంధన. ఓడ మీదివాళ్ళకి మా రంగులు కనిపించేసరికి మిగిలేది అయిదు నిమిషాలు. ఫైబర్ బోటు రాడార్‌లో కూడా సరిగ్గా తగలదు.

మూడో రోజు: జనవరి 11, గురువారం

నిద్రపోయాను. సాయంత్రం లేచి చేపల పులుసుతో అన్నం తిని, మళ్ళీ నిద్రపోయాను.

నాలుగో రోజు: జనవరి 12, శుక్రవారం

మావయ్యకి వల బాగుచేసే పని. "సింతపల్లి పోయి రా, రాళ్ళు సూడు" అన్నాడు. శ్రీకాకుళం వచ్చి హైవే మీద రణస్థలం దాటి, పూసపాటిరేగలో దిగి, అక్కడి నుంచి ఆటో. విజయనగరం జిల్లాలో సముద్రం ఉన్నది కొద్దిపాటే. ఆ కాస్తలోనూ ఓడలవాళ్ళని భయపెట్టే చోటు ఒకటుంది. చింతపల్లి ఎదురుగా, సముద్రంలో మునిగీ మునగని రాళ్ళు. పాత ఇంగ్లీషు పటాల్లో శాంతపిల్లి రాళ్ళని రాశారు. తీరం మీదున్న లైట్‌హౌస్ వాటికోసమే.

నేను వెళ్ళింది పగలు. రాళ్ళు కనపడలేదు, ఎండ మాత్రం బాగా కనపడింది. కానీ అక్కడ కూచుంటే ఒకటి తట్టింది. బోటు దీపం నేనిక్కడున్నానని చెబుతుంది. లైట్‌హౌస్ నువ్వెక్కడున్నావో నీకు చెబుతుంది. రెండూ కలవకూడదు. ఇప్పుడు ఒడ్డున రిసార్టులూ హైమాస్ట్ దీపాలూ పెరిగి, వాటి తెలుపులో లైట్‌హౌస్ మెరుపు వెతుక్కోవాల్సి వస్తోందని కొబ్బరిబొండాలు అమ్మే ఆయన చెప్పాడు. ఆయనా ఒకప్పుడు వేటకి వెళ్ళినవాడే.

టీ కొట్టు దగ్గర వెరావల్ మాటలు వచ్చాయి. ఈ రెండు జిల్లాల పల్లెల నుంచి ఏటా వందలమంది గుజరాత్ బోట్లకి వెళ్తారు. 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకెళ్ళిన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ ఇళ్ళకి రాలేదు. ఆ ఏడాదికి పైగా ఈ తీరంలో ఎన్ని ఇళ్ళ ముందు దీపం పెట్టుకుని ఎదురు చూశారో. రంగుదీపాలు అక్కడే నేర్చుకున్నామంటారు చాలామంది. పెద్ద మరబోట్లు, వందల్లో ఒకేచోట. దీపం లేకపోతే అక్కడ రాత్రి బతకలేరు. ఇక్కడికి వచ్చాక చిన్నబోటు కదా, దగ్గరే కదా అని మానేస్తారు. మావయ్యా మానేసినవాడే. నాకు కబురు పెట్టింది అందుకే అని ఇప్పుడు అర్థమైంది. నేర్పడానికి పిలిచాడనుకున్నాను, దీపాలు తెప్పించుకోవడానికి.

అయిదో రోజు: జనవరి 13, శనివారం

తెల్లవారుజామున రెండున్నరకి బయల్దేరాం. ఈ వేళప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి వీస్తుంది. పగలంతా వేడెక్కిన నేల రాత్రికి త్వరగా చల్లారుతుంది, నీళ్ళు అంత త్వరగా చల్లారవు, అందుకని. పూర్వం తెరచాపేసుకుని వెళ్ళేవాళ్ళు తెల్లారగట్ల ఈ గాలితో పోయి, మధ్యాహ్నం సముద్రగాలితో తిరిగి వచ్చేవాళ్ళు. డీజిల్ ఖర్చు లేదు.

కెరటాలు దాటాక ఇంజిన్ ఆపాడు. ఆ నిశ్శబ్దం చెవులకి గట్టిగా తగిలింది. నీలం టార్పాలిన్‌తో కుట్టిన చాప ఎత్తాం. వెంటనే నేను స్విచ్ దగ్గరికి వెళ్ళి వాసం కొసన తెల్లదీపం ఆపి, వెనకదీపం వేశాను. పుస్తకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన నియమం ఇది. పైన తెల్లదీపం ఇంజిన్ గుర్తు. చాప మీద మాత్రమే పోయే పడవకి పక్కదీపాలూ వెనకదీపమే. చాప ఎత్తి ఉన్నా ఇంజిన్ తిరుగుతుంటే అది ఇంజిన్ బోటే, తెల్లదీపం ఉండాల్సిందే. ఒక్క దీపం ఆర్పితే చీకట్లో మన జాతే మారిపోతుంది. అప్పుడు ఇంజిన్ బోటు మనకి దారివ్వాలి. ఇచ్చేదాకా మనం నమ్మకూడదు, అది వేరే మాట.

మావయ్య చుక్కాని నా చేతికిచ్చాడు. దిక్సూచి చూడనివ్వలేదు, దాని దీపం కంటికి చెరుపని. వెనక ఎడమ భుజం మీదుగా ధ్రువనక్షత్రాన్ని పెట్టుకోమన్నాడు. ఇక్కడ అది ఎంతో ఎత్తులో ఉండదు. శ్రీకాకుళం పద్దెనిమిది డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ధ్రువుడూ దిగంతం నుంచి అంతే ఎత్తు. చెయ్యి చాపి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండో పిడికిలి నిండకముందే చుక్క.

మూడున్నరకి ముందు ఎర్రగా నీలంగా మిణుకులు. గుండె ఆగింది. ఇన్ని రంగులేమిటి, ఏ ఓడకీ ఇలా ఉండదే. వలకి కట్టిన చైనా దీపాలట. వల ఎక్కడుందో తెలియడానికి కట్టుకుంటారు. అయితే ఆ వల తాలూకు బోటు ఏది? "అదే సూడు మరి" అన్నాడు మావయ్య. కొడుకు టార్చి తీసి మా చాప మీదికి కొట్టాడు. చీకట్లో పెద్ద నీలం గోడ లేచినట్టయింది. చిన్న దీపం కంటే వెలిగిన చాప దూరం కనిపిస్తుంది. యాభై గజాల్లో ఎవరో కంగారుగా కేక వేశారు. నల్లటి బోటు, దీపం లేదు, ఇద్దరు లేచి నిలబడుతున్నారు. బ్యాటరీ మిగుల్చుకుందామని ఆర్పేసి పడుకున్నారట. మావయ్య తిట్టిన తిట్లు రాస్తే ఇది అచ్చుకి రాదు. వాళ్ళు దండం పెట్టి దీపం వెలిగించారు. మేం కాస్త దూరం పోయాక వెనక్కి చూశాను. మళ్ళీ చీకటి.

ఇంకాసేపటికి ఎడమవైపు నుంచి ఒక బోటు వచ్చింది. దాని తెల్లదీపం, ఆకుపచ్చ దీపం కనిపిస్తున్నాయి. లెక్క ప్రకారం అతనే తప్పుకోవాలి. నేను గర్వంగా తిన్నగా నడుపుతున్నాను. అతను టార్చి మా మీదికి కొట్టాడు. ఆపి మళ్ళీ కొట్టాడు. అలా నాలుగైదుసార్లు. పండగ పలకరింపు అనుకుని నేనూ మా టార్చి ఊపాను. అతను చాలా దూరంగా, కావలసిన దానికంటే దూరంగా, తప్పుకుని పోయాడు.

నాలుగుంబావుకి తూర్పున నీళ్ళని ఆనుకుని తెల్లదీపం లేచింది. ప్రకాశంగా ఉంది. నేను అప్పటికి ఆరితేరినవాడిని కదా, చాప తాడు పక్కన పెట్టి చూశాను. జరగడం లేదు. రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు. రంగులు ఇంకా కనపడటం లేదు, అంటే దూరంగా ఉంది, కానీ మనమీదికే. "మావయ్యా, ఓడ. ఎదురుగా. జరగట్లేదు."

ఆయన తల తిప్పి చూశాడు. కొడుకు చూశాడు. కళాసీ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"అది ఓడ కాదు బాబూ. ఏగుసుక్క."

వేట తక్కువే పడింది. ఆరున్నరకి సూర్యుడు రాగానే దీపాలు ఆర్పి, గాలి పడిపోతే ఇంజిన్ వేసుకుని వచ్చేశాం. ఒడ్డున భోగికి కర్రలు పోగుచేస్తున్నారు. మనవరాలు పరిగెత్తుకుంటూ వచ్చి బోటెక్కి, పిల్లలందరికీ చూపించాలని స్విచ్ వేసింది. రెండు చేతులూ దోసిలి చేసి ఆకుపచ్చ దీపం మీద కప్పి, సందులోంచి చూసింది. ఎర్రదాని మీద కూడా కప్పింది. చాలాసేపు అలాగే ఉంది.

"బాబాయ్, ఇది ఎలగట్లేదు."

వంగి చూశాను. ఎలగట్లేదు. నల్లరంగు చెక్క అడ్డం ఉంది కాబట్టి రాత్రంతా నా కంటికి దాని వెలుగు ఉన్నా లేకపోయినా ఒకటే. ఎప్పుడు ఆరిందో తెలియదు. ఎడమవైపు నుంచి వచ్చిన ఆ బోటువాడికి మేం రంగులేని నల్లటి చాపలా కనిపించి ఉంటాం. ఏ పక్కకి పోతున్నామో తెలియక అడిగాడన్నమాట, టార్చి కొట్టి కొట్టి. నేను చెయ్యి ఊపాను.

మావయ్య ఏమీ అనలేదు. నేను చుట్టిన టేపు విప్పాడు. లోపల తడి. రాగితీగ మీద ఉప్పునీళ్ళు చేరి ఆకుపచ్చ చిలుం పట్టింది. తీగ తెగిన చోట నల్లబడి, ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. ఆయన వైరు పంటితో పట్టుకుని తొడుగు ఒక జానెడు లాగేసి, మెరిసే రాగి వచ్చేదాకా కత్తితో గీకాడు.

"గ్రీజు డబ్బా అట్రా" అని మనవరాల్ని ఇంట్లోకి పంపాడు. నన్ను చూసి, "బాబూ, నువ్వు పో. అవుతల నిలబడి సూడు, ఎలిగితే సెప్పు" అన్నాడు.